రేపటి ఉపాధ్యాయుడు ఎవరు?

‘బతకలేక బడిపంతులు’ అనే సామెతను మనమందరం చిన్ననాటినుండి వింటూనే ఉన్నాము. ఒకవంక గురువును త్రిమూర్తులతో పోల్చి స్తుతించిన జాతి, మరొకవంక అదే గురువును గూర్చి ఇటువంటి సామెతను కల్పించుకొన్నది. స్తోత్రం పండుగనాటి మాట. సామెత ప్రతిదినం వాడుకొనే మాట. ఈ రెండింటిలో మన నిజమైన అభిప్రాయం ఏదో తేల్చుకోవలసిన అవసరం ఈనాడు కలిగినది.

ప్రభుత్వ పాఠశాలల మట్టుకు చూస్తే, ఆ సామెత నేడు చాలావరకు చెల్లదు. తెలంగాణలో 2021లో అమలుకు వచ్చిన వేతన సవరణ ప్రకారం, ప్రాథమిక పాఠశాలలో క్రొత్తగా చేరిన సెకండరీ గ్రేడు ఉపాధ్యాయునికి మూలవేతనం నెలకు 31,040 రూపాయలు. ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుకు 42,300 రూపాయలు. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 11,062 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన చేయగా సుమారు రెండు లక్షల ఎనభై వేల దరఖాస్తులు వచ్చినవి. అనగా ఒక్కొక్క పదవికి ఇరవై ఐదుగురు పోటీపడినారన్నమాట.

ఇంతమంది వస్తూ ఉండగా, ప్రతిభావంతులైన యువజనులను ఉపాధ్యాయ వృత్తికి ఆకర్షించడం ఎట్లా అన్న చర్చ దేనికి అని శ్రోతలు అడుగవచ్చును. అది అడుగదగిన ప్రశ్నే. దానికి సమాధానం ఇది: ఉద్యోగాన్ని కోరడం వేరు, వృత్తిని ఎన్నుకోవడం వేరు. ఆ రెండు లక్షల ఎనభై వేల మందిలో ఉత్తములు, సమర్థులు ఎందరో ఉన్నారు. కాని పదవ తరగతిలో బడికంతటికి ప్రథముడుగా నిలిచిన బాలుడు, ఇంటర్మీడియట్‌లో గణితం అంటే చెవికోసుకొనే బాలిక, ‘నేను పాఠం చెప్పేవాణ్ణి అవుతాను, పాఠం చెప్పేదాన్ని అవుతాను’ అని ముందుగా అనుకొంటున్నారా? ఇతర మార్గాలు మూసుకొనిపోయిన తరువాత చివరకు వచ్చి చేరే మజిలీగా ఆ వృత్తి మిగిలిపోతున్నదా? ఆలోచించవలసిన విషయం ఇది.

ఈ విషయాన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను దృష్టిలో పెట్టుకొని పరిశీలించదలచినాను. ఈ మూడూ పూర్వపు కరీంనగరం జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలైనవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. వీటిని ఎన్నుకోవడానికి కారణం ఉన్నది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లాస్థాయి ఉద్యోగాలలో 95 శాతం స్థానికులకే చెందుతున్నవి. అనగా ఇరవై ఏండ్ల తరువాత కోరుట్ల బడిలో పాఠం చెప్పబోయే ఉపాధ్యాయుడు ఎక్కడినుండియో రాడు. అతడు ఈనాడు జగిత్యాలలోనో, కోరుట్లలోనో, వాటి చుట్టుప్రక్కల పల్లెలోనో ఒక బల్లమీద కూర్చొని ఎక్కాలు వల్లెవేస్తున్నాడు. ఆ బల్లమీది పిల్లలలో మిక్కిలి చురుకైనవారు అందరూ ఇతర వృత్తులకే పోతే, వారి తమ్ముళ్ళకు, వారి బిడ్డలకు పాఠం చెప్పేది ఎవరు? ఒక తరంలో బడికి జరిగిన లోటు, మరుతరంలో రెట్టింపై అదే ఊరికి తిరిగివస్తుంది.

ఈ పట్టణాలలో ఇండ్ల స్థితిని కొంచెం చూడవలెను. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. మగ్గం ఆడిననాడు అన్నం, ఆగిననాడు అప్పు అన్నట్లుగా ఎన్నో కుటుంబాలు బ్రతికినవి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు వేలకొలది ఉన్నారు. ఈ ప్రాంతపు పురుషులు దశాబ్దాలుగా దుబాయికి, మస్కటుకు, సౌదీ అరేబియాకు కూలికి పోతున్నారు. తండ్రి గల్ఫు దేశంలో, తల్లి బీడీల చేటముందు. అటువంటి ఇంటి బాలునికి ప్రతిదినం ఎదురుపడే చదువుకొన్న మనిషి ఎవరు? బడిలోని సారు ఒక్కడే. పట్నంలో సంపన్నుల బిడ్డకు ఉపాధ్యాయుడు పదిమంది మార్గదర్శకులలో ఒకడు. ఈ బిడ్డకు అతడొక్కడే దిక్కు. ఆ ఒక్కడు మందకొడి మనిషి అయితే ఆ బిడ్డ నష్టాన్ని పూడ్చేవారు లేరు. ఆ ఒక్కడు మేధావి అయితే ఆ ఇంటి చరిత్రయే మారిపోతుంది. కావున ప్రతిభావంతుడైన ఉపాధ్యాయుని అవసరం నగరంకంటె ఈ ఊళ్ళకు ఎక్కువ.

ఈ సీమకు విద్యాభిమానం క్రొత్త కాదు. గోదావరి తీరాన ఉన్న ధర్మపురి వేదశాస్త్రాల అధ్యయనానికి పేరొందినది. నిజాం పాలనలో ప్రభుత్వ పాఠశాలలలో ఉర్దూ బోధనభాషగా ఉండగా, తెలుగు అక్షరాలను నిలిపినవి ఊరూర వెలసిన ఖానిగీ బడులు. 1935లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాలుగవ సమావేశం సిరిసిల్లలోనే జరిగినది. దానికి మాడపాటి హనుమంతరావుగారు అధ్యక్షత వహించినారు. హైదరాబాదులో 1928లోనే తెలుగు బాలికల పాఠశాలను నెలకొల్పిన వ్యక్తి ఆయన. ఆ తొలి మహాసభలు రాజకీయాలకంటె ముందు బడులను గూర్చి, మాతృభాషలో బోధనను గూర్చి తీర్మానాలు చేసినవన్నది మనం మరువరాదు.

సిరిసిల్లకు సమీపంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారి జీవితం మరొక ఉదాహరణ. వీధిబడిలో మొదలిడి, సిరిసిల్లలో మాధ్యమిక విద్య ముగించి, ఉర్దూ మాధ్యమంలో చదివి, తుదకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులైనారు. 1962లో చలనచిత్రాలకు పాటలు వ్రాయనారంభించిన తరువాత కూడ పాఠం చెప్పడం విడువలేదు. జ్ఞానపీఠ పురస్కారం పొందిన కవిగా లోకం ఆయనను ఎరుగును. ఆయన పాఠం విన్న వందలాది విద్యార్థులు మొదట ఆయనను అధ్యాపకునిగానే ఎరుగుదురు.

అయితే గతాన్ని తలచుకొని, ఆ రోజులే మేలని నిట్టూర్చడం న్యాయం కాదు. ఆనాడు ప్రతిభ బడికి వచ్చినదంటే, ఇతర ద్వారాలు మూసి ఉండడం కూడ అందుకు ఒక కారణం. పల్లెటూరి తెలివైన బాలునికి వకీలు వృత్తి, సర్కారు కచేరి, బడి తప్ప నాలుగవ మార్గం కనబడేది కాదు. చదువుకొన్న స్త్రీకి మార్గాలు ఇంకను తక్కువ. ఇప్పుడు ఆ ద్వారాలు తెరుచుకొన్నవి. జగిత్యాల సమీపంలోని పొలాసలో వ్యవసాయ కళాశాల ఉన్నది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007నుండి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. బీడీలు చుట్టే తల్లి కూతురు తన ఊరు విడువకుండ డాక్టరు కాగల రోజు వచ్చినది. ఇది మహాశుభం. దీనిని చూచి ఉపాధ్యాయ వృత్తి అసూయపడవలసిన పని లేదు; పోటీకి నిలువవలసిన పని ఉన్నది.

ఆ పోటీలో ఉపాధ్యాయ వృత్తి ఎందుకు వెనుకబడుతున్నదో నాలుగు కారణాలు చూడవచ్చును.

మొదటిది, నిరీక్షణ. వైద్యవిద్యకు, ఇంజనీరింగుకు ప్రవేశపరీక్ష ఏటేటా ఒక ఋతువులో జరిగితీరుతుంది. ఉపాధ్యాయ నియామకాలు అట్లా లేవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చివరి డి.యస్.సి. 2012లో జరిగినది. తెలంగాణ ఏర్పడిన తరువాత మొదటి నియామక ప్రకటన 2017లో, 8,792 పదవులకు వెలువడినది. పరీక్షలు 2018 ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగినవి. దాని తరువాత పరీక్ష జరిగినది 2024లో. ఒక యువకుడు 2018 వేసవిలో ఇరవయ్యవ ఏట శిక్షణ ముగించినాడనుకొందాము. అతడు తన మొదటి అవకాశంకొరకు ఇరవై ఆరవ ఏటివరకు వేచి ఉండవలసివచ్చినది. అతనితోడి ఇంజనీరింగు పట్టభద్రుడు ఆ సమయానికి నాలుగేండ్లుగా జీతం తెచ్చుకొంటూ, చెల్లెలి పెండ్లి చేసి ఉంటాడు. ఇంటిలో ఆధారం లేని తెలివైన బాలుడు ఏ మార్గం పట్టుతాడో మనం ఊహించవచ్చును. ఎక్కువ కాలం వేచి ఉండగలవాడే నిలిచే వృత్తిలో, ఎక్కువ ప్రతిభ గలవాడు నిలుస్తాడన్న నమ్మకం లేదు.

ఆ నిరీక్షణ కాలంలో వీరు ఏమి చేసినారు? చాలామంది చిన్న చిన్న ప్రైవేటు బడులలో, కొద్దిపాటి జీతానికి పాఠాలు చెప్పినారు. 2020లో కోవిడ్ మహమ్మారితో బడులు మూతపడగా, వారిలో పలువురికి ఆ జీతం కూడ ఆగినది. 2021 ఏప్రిలులో ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రెండువేల రూపాయలు, ఇరవై ఐదు కిలోల బియ్యం సహాయంగా ఇచ్చినది. ఆ సహాయం అందించినందుకు సంతోషించవలసిందే. కాని దాని అవసరం కలిగిన స్థితిని గమనించవలెను. సామెతలోని ‘బతకలేక’ అన్న మాట చచ్చిపోలేదు. ప్రభుత్వ బడినుండి ప్రైవేటు బడికి మకాం మార్చినది. తమకు పాఠం చెప్పిన సారు బియ్యం సంచికొరకు నిలబడడాన్ని చూచిన పిల్లలు, ఆ వృత్తిని గూర్చి ఏమనుకొంటారు?

ఈ మొదటి కారణానికి చికిత్స కష్టమైనది కాదు. 2024 నియామకాలనే చూడండి. ఫిబ్రవరి 29న ప్రకటన, జూలై 18నుండి ఆగస్టు 5వరకు పరీక్షలు, సెప్టెంబరు 30న ఫలితాలు, అక్టోబరు 9న నియామక పత్రాలు. మొత్తం ఎనిమిది నెలలకంటె తక్కువ. ఒక ఏడు సాధ్యమైన పని ప్రతి ఏడు సాధ్యమే. ఆ సంవత్సరంలోనే ఉపాధ్యాయ అర్హత పరీక్షను ఏటా రెండు పర్యాయాలు జరుపవలెనని ప్రభుత్వం నిర్ణయించినది. అర్హతకు క్రమం నిర్ణయించినవారు నియామకానికి కూడ క్రమం నిర్ణయించవలెను. ఏటా ఎందరు పదవీ విరమణ చేస్తారో పుట్టిన తేదీలనుబట్టి ముందుగానే తెలుస్తుంది కదా! ఖాళీలు వందలుగా వచ్చినప్పుడే వాటిని నింపితే, వేలుగా పేరుకొనేవరకు ఆగనవసరం లేదు.

రెండవది, శిక్షణ. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా దేశమంతట జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణ సంస్థను స్థాపించే పథకం వచ్చినది. వాటినే మనం ‘డైట్’ అని పిలుస్తున్నాము. కరీంనగరంలోని సంస్థ పూర్వపు జిల్లాకంతటికీ ప్రాథమికోపాధ్యాయులను తయారుచేసినది. ఆ తరువాత ప్రైవేటు శిక్షణ కళాశాలలు దేశంలో అపరిమితంగా పెరిగినవి. సుప్రీంకోర్టు నియమించగా జస్టిస్ జె.ఎస్. వర్మ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2012లో ఇచ్చిన నివేదికలో, శిక్షణ సంస్థలలో అత్యధిక భాగం ప్రైవేటు యాజమాన్యాలవేనని చూపి, వాటి ప్రమాణాలనుగూర్చి తీవ్రమైన ఆందోళన తెలిపినది. హాజరు లేకుండనే ముగిసే శిక్షణ, పిల్లల ముఖం చూడకుండనే వచ్చే పట్టా తెలివైన యువకుని ఆకర్షించలేవు. సులభంగా దొరికే దానిని అతడు గౌరవించడు. ఇతర దేశాల అనుభవం కూడ ఇదే చెప్పుచున్నది. ఫిన్లాండు దేశంలో 1979నుండి ప్రాథమికోపాధ్యాయునికి సైతం స్నాతకోత్తర పట్టా తప్పనిసరి. దరఖాస్తు పెట్టిన పదిమందిలో ఇంచుమించు ఒక్కరికే ప్రవేశం దొరుకుతుంది. ప్రవేశం కష్టం కావడంచేతనే అక్కడి ప్రతిభావంతులు దానిని కోరుకొంటున్నారు.

మనదేశంలోను మేలైన మార్గాలు లేకపోలేదు. మైసూరులో 1963లో ప్రారంభమైన ప్రాంతీయ విద్యా కళాశాల, శాస్త్రవిషయాన్ని, బోధనా శిక్షణను కలిపి నాలుగేండ్ల పాఠ్యక్రమంగా నేర్పుతూ వచ్చినది. 2020 జాతీయ విద్యావిధానం, 2030నాటికి ఇటువంటి నాలుగేండ్ల సమగ్ర శిక్షణనే కనీసార్హతగా చేయవలెనని చెప్పినది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, బి.ఎడ్. పట్టా ప్రాథమిక తరగతుల బోధనకు అర్హత కాజాలదని తీర్పు చెప్పినది. చిన్నపిల్లలకు పాఠం చెప్పడం తక్కువ విద్య కాదు, అది వేరొక విద్య అన్న సత్యానికి ఆ తీర్పువలన చట్టబలం వచ్చినది.

ఇక్కడ ఒక సూచన చేయదలచినాను. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే బాసరలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం నెలకొన్నది. పదవ తరగతిలో మంచి మార్కులు పొందిన గ్రామీణ విద్యార్థులను ఎన్నుకొని, అక్కడనే ఉంచి, ఆరేండ్లు చదివించి ఇంజనీర్లను చేస్తున్నది. పల్లెలోని ప్రతిభను పదిహేనవ ఏటనే గుర్తించి పిలువవచ్చునని అది నిరూపించినది. ఇంజనీర్లకొరకు చేసిన పని ఉపాధ్యాయులకొరకు చేయరాదా? ప్రతి మండలంలోని ఉన్నత పాఠశాలలనుండి ఏటా ఇద్దరు ముగ్గురు ఉత్తమ విద్యార్థులను ఎన్నుకొని, ఇంటర్మీడియట్ తరువాత నాలుగేండ్లు విద్యార్థి వేతనమిచ్చి, పేరుగల కళాశాలలో శిక్షణ ఇప్పించి, వారు ఆ శిక్షణలో నెగ్గితే తమ జిల్లాలోనే పదవి ఇచ్చేటట్లు హామీ ఉంటే ఎట్లా ఉంటుంది? సింగపూరులో శిక్షణ పొందే కాలంలోనే అభ్యర్థికి జీతం ముట్టుతుంది. మన సేనలో చేరదలచిన యువకుణ్ణి కూడ ప్రభుత్వమే పోషించి శిక్షణ ఇస్తున్నది. దేశరక్షణకు చెల్లిన పద్ధతి అక్షరరక్షణకు చెల్లదని అనలేము.

మూడవది, మొదటి బడి. ఉత్సాహంతో వచ్చిన క్రొత్త ఉపాధ్యాయుణ్ణి మనం తరచుగా ఏకోపాధ్యాయ పాఠశాలకు పంపుతున్నాము. ఐదు తరగతులు, ఒక గది, ఒక మనిషి. వంటపాత్రల లెక్క, హాజరుపట్టిక, సెల్‌ఫోనులో నింపవలసిన వివరాలు అన్నీ అతని నెత్తిపైననే. 2009 విద్యాహక్కు చట్టం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయుని నియోగించరాదని 27వ సెక్షనులో స్పష్టంగా చెప్పినది. చట్టంలో లేని పనులు కూడ ఆచరణలో అతనిని వెదకికొనివస్తున్నవి. వైద్యకళాశాలనుండి వచ్చిన యువడాక్టరు పెద్ద డాక్టరు ప్రక్కన నిలిచి ఒక ఏడు పనిచేస్తాడు. న్యాయవాది సీనియరు దగ్గర జూనియరుగా చేరుతాడు. సిరిసిల్లలో మగ్గంపని నేర్చుకొనే కుర్రవాడు సైతం పెద్దవాని ప్రక్కన కూర్చొని అతుకులు వేయడంతో మొదలుపెట్టుతాడు. క్రొత్త ఉపాధ్యాయుడు ఒక్కడే ఏ తోడూ లేకుండ తొలిదినమే తరగతికి అధిపతి. మొదటి రెండేండ్లు అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుని బడిలోనే అతనికి నియామకమిచ్చి, వారమునకు కొన్ని గంటలు పెద్దవారి పాఠం వినడానికి, తన పాఠాన్ని వారికి వినిపించడానికి వీలు కల్పిస్తే, వృత్తిపై విసుగు పుట్టకముందే రుచి పుట్టుతుంది.

నాలుగవది, ఎదుగుదల. సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుడు స్కూల్ అసిస్టెంటు అవుతాడు. స్కూల్ అసిస్టెంటు ప్రధానోపాధ్యాయుడవుతాడు. మన వృత్తిలో మెట్టు ఎక్కడమంటే చిన్నపిల్లలనుండి ఒక్కొక్క అడుగు దూరం కావడమే. మూడవ తరగతికి అద్భుతంగా చదువు చెప్పే స్త్రీ, గౌరవం పెరగవలెనంటే ఆ మూడవ తరగతిని విడిచిపోవలెను. సింగపూరులో మూడు సోపానాలు ఏర్పరచినారు: ఒకటి పాలనకు, ఒకటి పాఠ్యవిషయ పరిశోధనకు, ఒకటి కేవలం బోధనకు. బోధననే నమ్ముకొన్న ఉపాధ్యాయుడు తరగతి విడువకుండనే జీతంలోను, హోదాలోను పెరుగుతాడు. పిల్లలముందు నిలిచి ఉండడమే ఉన్నతి అని చెప్పే విధానం మనకు కూడ అవసరం.

ఇంతవరకు ప్రతిభ, ప్రతిభ అంటున్నాము. ప్రతిభ అనగా మార్కులేనా అని ఆక్షేపణ రావచ్చును. విషయజ్ఞానం ఎంత ఉన్నా చెప్పలేనివారిని, కొద్దిపాటి చదువుతోనే కోట్లకు విలువచేసే పాఠం చెప్పినవారిని మనమందరం ఎరుగుదుము. ఈ ఆక్షేపణలో సత్యం ఉన్నది. బోధనకు కావలసిన ప్రతిభ ఎటువంటిదో ఒక చిన్న లెక్కతో మనవిచేస్తాను.

నలభై రెండులోనుండి పదిహేడు తీసివేయుమని చెబితే, ఒక బాలుడు ముప్పై ఐదు అని వ్రాసినాడనుకొందాము. సామాన్యుడైన ఉపాధ్యాయుడు దానిని కొట్టివేసి, ఇరవై ఐదు అని సరిదిద్ది, ఇంకొక లెక్క ఇస్తాడు. బాలుడు దానినికూడ తప్పుచేస్తాడు. ప్రతిభగల ఉపాధ్యాయుడు ఒక్క క్షణం ఆగుతాడు. ఈ ముప్పై ఐదు ఎక్కడినుండి వచ్చినది? నాలుగులోనుండి ఒకటి పోతే మూడు, అది సరియే. రెండులోనుండి ఏడు పోదు కాబట్టి, బాలుడు తిరుగవేసి ఏడులోనుండి రెండు తీసినాడు; ఐదు వచ్చినది. అనగా ఆ బాలుడు అశ్రద్ధ చేయలేదు. ఒక నియమాన్ని తనంతట తాను కల్పించుకొని, దానిని నిష్ఠగా పాటించినాడు. పదిని విడగొట్టి ఒకట్లలో కలుపుకోవచ్చునన్న సంగతి అతనికి ఎవ్వరూ చేతికిచ్చి చూపలేదు. పది పుల్లల కట్టను విప్పి చూపితే ఆ ముడి ఒక్క పూటలో వీడిపోతుంది. వ్యాధి లక్షణాన్ని చూచి మూలాన్ని కనుగొనే వైద్యుని బుద్ధికి, ఈ బుద్ధికి భేదం ఏమున్నది? తరగతిలో ముప్పైమంది ఉంటే ముప్పై మనస్సులు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క త్రోవ. ఇంతకంటె పదునైన బుద్ధికి పని కల్పించే వృత్తి మరొకటి ఏది?

ఈ ప్రాంతపు బిడ్డ ఉపాధ్యాయుడైతే ఆ పనిలో మరొక సౌలభ్యం ఉన్నది. ఇంటిలో ‘అచ్చిండు’ అని, పుస్తకంలో ‘వచ్చాడు’ అని చూచి తికమకపడే బాలుని మనస్సు అతనికి తెలుసును. మగ్గంమీద పడుగు దారాల లెక్క, వేయికింత అని కట్టలు అప్పగించే తల్లి బీడీల లెక్క ఆ పిల్లలకు నోటికి వచ్చును. ఆ నోటిలెక్కనుండి పలకమీది గుణకారానికి వంతెన వేయగలవాడు, ఆ ఇండ్లలో పుట్టి పెరిగిన మేధావియే.

గుజరాతులో గిజుభాయి బధేకా అనే న్యాయవాది వకాలతు విడిచి, భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరాన్ని ప్రారంభించినాడు. ఆయన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా వచ్చినది. న్యాయవాదమంతటి బుద్ధికి పదును పెట్టే వృత్తిని విడిచి ఆయన చిన్నపిల్లల దగ్గరకు వచ్చినది త్యాగబుద్ధితో మాత్రమే కాదు. అక్కడ తన బుద్ధికి మరింత పెద్ద పని దొరకినందువలన. మనం మన యువజనులకు ఉపాధ్యాయ వృత్తిని గూర్చి చెప్పేటప్పుడు ఎల్లప్పుడు సేవ, త్యాగం అన్న మాటలే వాడుతున్నాము. త్యాగం చేయుమని పిలిస్తే ఇరవై ఏండ్ల యువకుడు దండంపెట్టి దూరంగా పోతాడు. నీ తెలివికి తగిన పని ఇది అని పిలిస్తే ఆగి వింటాడు. ప్రతిభావంతులను ఉపాధ్యాయులుగా రప్పించడం జాతికి అత్యవసరమని డి.యస్. కొఠారి గారి విద్యాసంఘం 1966లోనే హెచ్చరించినది. అరవై ఏండ్లుగా మనం ఆ హెచ్చరికను సెప్టెంబరు ఐదవ తేదీన గుర్తుచేసుకొంటున్నాము. తక్కిన దినాలలో మరచిపోతున్నాము.

ప్రభుత్వం చేయవలసిన పనులు కొన్ని పైన మనవిచేసినాను. అవి జరిగేవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనవసరం లేదు. ఈ మూడు పట్టణాలలోని ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ తరగతిలో తన లెక్క ముగించి ప్రక్కవానికి చెప్పిపెట్టే బాలుడు, చెల్లెలికి పద్యం నేర్పే బాలిక తప్పక ఉంటారు. డాక్టరు కావలెను, ఇంజనీరు కావలెను అని వారితో పదిమంది చెబుతున్నారు. ‘నీవు మంచి ఉపాధ్యాయుడవు కాగలవు’ అని చెప్పగలవారు మీరొక్కరే. ఆ మాట మీ నోట రావలెనంటే, మీ వృత్తిని గూర్చి పిల్లలముందు మీరు విసుగుకొనరాదు. ‘ఈ ఉద్యోగం నా శత్రువుకు కూడ వద్దు’ అని ఉపాధ్యాయుల గదిలో అన్న మాట గోడ దాటి తరగతికి వినబడుతుంది.

తల్లిదండ్రులకు మరొక విన్నపం. కూతురు బాగా చదువుతున్నదని, ‘టీచరు ఏమిటి, ఇంత తెలివి వృథా చేసుకొంటావా?’ అని అడ్డుకొనకండి. మీ కూతురు తెలివి వృథా కాకుండ ఇంతదూరం తెచ్చినది ఎవరో ఒక ఉపాధ్యాయురాలే కదా. ఆ ఉపాధ్యాయురాలి తల్లిదండ్రులు కూడ ఆనాడు ఇట్లాగే అడ్డుకొని ఉంటే ఏమయ్యేది?

యువజనులకు చెప్పవలసినది తక్కువ. మీ ఊరికి వంతెన, ఆసుపత్రి, మగ్గానికి కరెంటు తెచ్చేవారు గౌరవనీయులే. కాని ఆ వంతెన కట్టిన ఇంజనీరుకు మొదట తీసివేత నేర్పినవారు ఒకరున్నారు. ఆ పని ఎప్పుడూ ఎవరో ఒకరు చేయవలసినదే. దానిని ఎవరు చేస్తారన్నదే ప్రశ్న. మీలో మేటివారు చేస్తే, సామెత మార్చుకోవలసిన పని సమాజానిది. అటువంటివారు ఏడాదికి ఒక్కొక్క మండలంనుండి ఇద్దరు వచ్చినా చాలును. పదేండ్లలో ఆ మండలంలో ఏ బడి తలుపు తట్టినా లోపల ఒక మంచి గొంతు వినబడుతుంది.